చామనఛాయ చేతికి గోళ్ల రంగు: చూసుకోవడం, వేసుకోవడం, చుక్కలు పెట్టుకోవడం

నేను విజయవాడలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద పనిచేస్తాను. పొద్దున పది నుంచి చేతులకు ఖాళీ ఉండదు. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లకు నా ముఖం కన్నా నోట్లు లెక్కపెట్టే నా వేళ్లే ఎక్కువ కనిపిస్తాయి. పదహారేళ్లుగా ఆ వేళ్లకు నేనే రంగు వేసుకుంటున్నాను.

కిందటి దసరా సెలవులకు మా అక్క కూతురు వచ్చింది. ఇంటర్ చదువుతోంది. నా రంగుల డబ్బా తెరిచి, సీసాలన్నీ ఒక్కొక్కటీ పైకెత్తి చూసి, ఏదీ తీసుకోకుండా మూత పెట్టేసింది. ఏమ్మా అంటే, "నాది నలుపు కదా పిన్నీ, ఏం వేసుకున్నా ఎబ్బెట్టుగా ఉంటుందంట" అంది. ఎవరన్నారో చెప్పలేదు. నా చిన్నప్పుడు నాకూ ఇదే మాట చెప్పారు, నేనూ ఇంటర్ అయ్యేదాకా లేత గులాబీ తప్ప ఇంకో రంగు ముట్టుకోలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చుని పదకొండు రంగులు చూశాం. చివరికి నేరేడుపండు రంగు వేసుకుంది. ఊరెళ్లేటప్పుడు ఆ సీసా తనకే ఇచ్చేశాను. ఆ రోజు దానికి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు రంగు చూసుకోవడం

సీసాలో కనిపించే రంగు వేరు, గోరు మీద పడ్డాక కనిపించే రంగు వేరు. సీసాలో రంగు చిక్కగా, అంగుళం మందాన ఉంటుంది. గోరు మీద అది పలచని పొర. కింద గోటి గులాబీ, చుట్టూ మన చర్మం రంగు దానితో కలుస్తాయి. పైగా ఫ్యాన్సీ షాపుల్లో తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు ఒకటికి పది వేలాడుతుంటాయి. ఆ వెలుగులో కొన్న రంగు ఇంటికొచ్చాక వేరే రంగులా కనిపించడం అందరికీ అనుభవమే.

నేను చేసే పని ఇది. డిస్పోజబుల్ ప్లేట్లు అమ్మే కొట్లో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ చెంచాలు దొరుకుతాయి. ఒక్కో చెంచా వీపు మీద ఒక్కో రంగు రెండు పొరలు వేసి ఆరబెడతాను. కాడ మీద మార్కర్‌తో షేడ్ నంబరు రాస్తాను. ఆరాక ఆ చెంచాను నా గోరు మీద ఆనించి పట్టుకుంటే, ఆ రంగు నా చర్మం పక్కన ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. పది వేళ్లకు వేసి, నచ్చక తుడిచి, మళ్లీ వేసే పని ఉండదు. గోళ్లకు రిమూవర్ తగలడమూ తగ్గుతుంది. చీర కొన్నప్పుడు ఈ చెంచాలే కొంగు మీద పరిచి చూసుకుంటాను.

షాపులో టెస్టర్ సీసా ఉంటే ఇంకో దారి ఉంది. పర్సులో చిన్న సెల్లో టేపు చుట్ట పెట్టుకుని వెళ్లండి. బొటనవేలి గోరు మీద ఒక ముక్క అతికించి, దాని మీద రంగు వేసి, షాపు బయటికొచ్చి ఎండలో చూడండి. బీసెంట్ రోడ్డులో నేను ఇలాగే చూస్తాను. మొదట్లో షాపువాళ్లు వింతగా చూశారు, ఇప్పుడు అలవాటైపోయింది. టేపు ముక్కని ఇంటికి తెచ్చి ఒక నోట్‌బుక్కులో అతికించి పక్కన నంబరు రాసుకోవచ్చు.

మూడు వెలుగుల్లో చూడాలి: పగటి వెలుగు, ఇంట్లో ట్యూబ్‌లైటు, పసుపుపచ్చ బల్బు. ఫంక్షన్ హాళ్లలో ఎక్కువగా ఉండేది ఆ మూడోదే. నీలాలు, ఊదాలు ఆ వెలుగులో మసకబారతాయి. ఎరుపులు, రాగి, బంగారు రంగులు ఇంకా పైకొస్తాయి.

ఇక మన చర్మానికి ఏవి బాగుంటాయనే మాట. నేను చీర రంగుల పేర్లతోనే చెప్తాను, అవే మనకు కళ్లముందు కదులుతాయి. చామనఛాయ మీద నేరేడుపండు, వంకాయ, మెరూన్, ఇటుక రంగు, నెమలికంఠం, రామా గ్రీన్, కనకాంబరం చాలా అందంగా నిలుస్తాయి. ఆవాల పసుపు వేసుకోమంటే చాలామంది భయపడతారు కానీ, నా చెంచాల్లో నాకు బాగా ఇష్టమైనది అదే. ఇబ్బంది పెట్టేవి పాలు కలిపినట్టుండే లేత రంగులు: లేత లావెండర్, లేత గులాబీ, పిస్తా. వీటిలో తెలుపు ఎక్కువ కాబట్టి మన చేతి మీద సున్నం పూసినట్టు కనిపిస్తాయి. అంటే నలుపు చేతికి భద్రంగా ఉంటుందని మాకు చిన్నప్పుడు చెప్పిన ఆ లేత గులాబీయే అసలు నప్పని రంగు! లేత రంగే కావాలంటే ఉల్లిపొర రంగు, పాలు ఎక్కువ కలిపిన టీ రంగు చూడండి. పూర్తి తెలుపు మాత్రం ఇందులోకి రాదు, ముదురు చేతి మీద మల్లెమొగ్గల్లా ఉంటుంది.

లేత రంగులతో మనకి ఇంకో చిక్కు కూడా ఉంది. మనం అన్నం చేత్తో కలుపుకుని తింటాం. ముద్దపప్పు, పులిహోర, ఆవకాయ నూనె, ఒక్క పూటకే తెల్లటి గోళ్లు కుడి చేతికి పసుపెక్కిపోతాయి. మీద టాప్ కోట్ (రంగు ఆరాక పైన వేసే పారదర్శకమైన పొర) ఉంటే కాస్త నయం, పూర్తిగా ఆపదు. పసుపు మరకకి ఎండ విరుగుడు కదా, బట్టల మీద పోయినట్టే గోళ్ల మీద కూడా ఎండకి చాలావరకు పలచబడుతుంది. అయినా సరే, తెలుపు వేసుకోవాలనుకున్న వారం నేను చెంచాతో తింటాను.

గోళ్లు సిద్ధం చేసుకోవడం

పార్లర్‌లో వేడినీళ్లలో చేతులు నానబెట్టి తర్వాత రంగు వేస్తారు. ఇంట్లో అలా చేయకండి. గోరు నీళ్లు పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది. ఆరినకొద్దీ మళ్లీ మామూలవుతుంది. ఉబ్బినప్పుడు వేసిన రంగు, గోరు సర్దుకునేటప్పుడు అంచుల్లో లేచిపోతుంది. అంట్లు తోమి, బట్టలు ఉతికి వెంటనే కూర్చోకూడదు. గంట ఆగండి.

రెండో సంగతి నూనె. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతులతో రంగు వేస్తే రెండు రోజులు కూడా నిలవదు. ఎంత కడిగినా గోరు మీద జిడ్డు మిగులుతుంది. దూదికి కాస్త రిమూవర్ అద్ది, రంగు లేని గోళ్లనైనా సరే ఒకసారి తుడవండి. రంగు వారం నిలవడానికి నాకు తెలిసిన అన్ని చిట్కాల్లో పెద్దది ఇదే.

గోరు అరగదీసే ఫైల్ ఒకే దిక్కుకి గీయాలి, రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే గోరు పొరలుగా చీలుతుంది. గోరు మొదట్లో ఉండే సన్నటి చర్మాన్ని కత్తిరించకండి. గోటి లోపలికి సూక్ష్మక్రిములు పోకుండా కాపలా కాసేది అదే. స్నానం చేశాక మెత్తటి తువ్వాలుతో వెనక్కి నెడితే చాలు.

బేస్ కోట్, అంటే రంగుకి ముందు గోటి మీద వేసే పారదర్శకమైన పొర, మానేయకండి. ముదురు ఎరుపు, నీలం నేరుగా వేస్తే తీసేశాక గోరు పసుపుపచ్చగా కనిపిస్తుంది. అది రంగు దిగిన మరక, గోరు పెరిగితే తప్ప పోదు.

రంగు వేయడం

ఈ రంగు ఆరడమంటే ఏమిటో తెలిస్తే సగం తప్పులు వాటంతట అవే ఆగిపోతాయి. మామూలు నెయిల్ పాలిష్‌లో పొర కట్టే పదార్థం నైట్రోసెల్యులోజ్. దాన్ని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగించి ఉంచుతారు. మనకొచ్చే ఘాటు వాసన వాటిదే. అవి గాల్లోకి ఎగిరిపోతే మిగిలేది గట్టి పొర. మందంగా వేస్తే పైపొర ముందు గట్టిపడి, కింది ద్రావకం బయటికి రాలేక ఇరుక్కుంటుంది. అందుకే ఆరిందనుకుని దుప్పటి కప్పుకుంటే పొద్దునకి దుప్పటి నేత అచ్చు గోరు మీద పడి ఉంటుంది. అందుకని మందంగా ఒక్కసారి వేసే బదులు పలచగా రెండుసార్లు, మధ్యలో నాలుగైదు నిమిషాల విరామం.

సీసాను గట్టిగా ఊపకండి, బుడగలు వస్తాయి. రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వం తిప్పినట్టు తిప్పండి. కిటికీ తెరవండి, వేసేంతసేపు ఫ్యాన్ కట్టేయండి. ఫ్యాన్ కింద కుంచె మీదే రంగు ఆరిపోయి, గోటి మీద చారలు పడతాయి. మే నెలలో మా ఊళ్లో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టం కాబట్టి ఎండాకాలం నేను పొద్దున్నే ఆరింటికి వేసుకుంటాను.

కుంచెకి ఒక పక్క రంగు సీసా మూతి దగ్గర వత్తి తీసేయండి. గోరు మొదలుకి వెంట్రుక వాసి దూరంలో కుంచె ఆనించి, కొంచెం వెనక్కి నెట్టి, అక్కడి నుంచి కొసదాకా ఒకే గీత లాగండి. తర్వాత ఒక పక్క, ఆ తర్వాత ఇంకో పక్క. మూడు గీతలతో అయిపోవాలి. ఆఖర్న గోరు కొస అంచు మందం మీద కూడా కుంచెతో ఒకసారి రాయండి. నోట్లు లెక్కపెట్టే నాకు రంగు మొదట లేచేది ఆ కొసనే. అంచు మూసినప్పటి నుంచి సోమవారం వేసినది శనివారం దాకా ఉంటోంది.

ఎడమ చేత్తో కుడి చేతికి వేయడమే అందరికీ టెన్షన్. ముందు కుడి చేతికే వేయండి, అప్పటికి ఎడమ చేతి గోళ్లు తడిగా ఉండవు కాబట్టి భయం ఉండదు. రెండు మోచేతులూ బల్ల మీద ఆనించాలి. ఎడమ చేతిలో కుంచెను కదలకుండా పట్టుకుని, కుడి చేతి వేలినే నెమ్మదిగా కుంచె కింద తిప్పండి. మా అక్క కూతురికి రెండో వేలికే పట్టుబడింది. చర్మానికి అంటితే కంగారుపడి తుడవకండి, అంతా అయ్యాక రిమూవర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో అంచు శుభ్రం చేసుకోవచ్చు.

ముట్టుకుంటే అంటకపోవడానికి ఇరవై నిమిషాలు చాలు. లోపలిదాకా గట్టిపడటానికి గంటలు పడుతుంది. ఆ పూట వేడినీళ్ల స్నానం, గిన్నెలు పెట్టుకోకండి.

చుక్కలు, గీతలు, అచ్చులు

ముగ్గు వేయడం వచ్చినవాళ్లకి నెయిల్ ఆర్ట్ కొత్త విద్య కాదు. చుక్క పెట్టడం వస్తే సగం వచ్చినట్టే. ప్రత్యేకమైన పనిముట్లు కొనక్కర్లేదు. జడకి పెట్టుకునే స్లైడ్ పిన్ను కొసన ఉండే గుండ్రటి బొడిపె పెద్ద చుక్కకి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను మధ్యరకం చుక్కకి, గుండుసూది తల చిన్న చుక్కకి సరిపోతాయి. ఒక పాత ప్లాస్టిక్ మూత మీద బొట్టు రంగు వేసుకుని, దానిలో అద్ది, పిన్నును నిటారుగా పట్టుకుని గోటికి ఆనించి ఎత్తేయాలి. నొక్కకూడదు. రెండు మూడు చుక్కలకి ఒకసారి మళ్లీ అద్దాలి, లేకపోతే చుక్కలు చిన్నవైపోతూ వస్తాయి. ఆ తగ్గడాన్నే వాడుకుని పెద్ద నుంచి చిన్నకి వరసగా పెడితే కనకాంబరం మాల జారినట్టుంటుంది.

మధ్యలో ఒక పసుపు చుక్క, చుట్టూ ఐదు తెల్ల చుక్కలు పెడితే పువ్వు. నెమలికంఠం రంగు మీద ఈ పువ్వు ఒక్క ఉంగరపు వేలికి పెట్టి మిగిలిన వేళ్లు ఖాళీగా వదిలేయండి. పది వేళ్లకీ పెడితే ఏ ఒక్కదాని మీదా చూపు నిలవదు.

గీతలకి టేపు. ఇక్కడ ఓపిక కావాలి. కింది రంగు కనీసం రెండు మూడు గంటలు ఆరాలి, లేకపోతే టేపుతో పాటే లేచొస్తుంది. టేపును ముందు మణికట్టు మీద రెండుసార్లు అతికించి తీస్తే జిగురు కాస్త తగ్గుతుంది, అప్పుడు గోటికి పెట్టండి. పై రంగు పలచగా ఒక్క పొర వేసి, అది తడిగా ఉండగానే టేపు లాగేయాలి. ఆరాక లాగితే అంచు చిరుగుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది న్యూస్‌పేపర్ అచ్చు. తెలుగు పేపరుతో ఇది ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. మన అక్షరాలు గుండ్రటివి కదా, గోరు మీద పడితే అల్లికలా ఉంటాయి. లేత రంగు ఏదైనా వేసి రాత్రంతా ఆరనివ్వండి. చిన్న అక్షరాలున్న చోట, బొమ్మలు లేనిచోట, గోరంత ముక్కలు పది కత్తిరించుకోండి. గోరును సర్జికల్ స్పిరిట్‌లో గానీ హ్యాండ్ శానిటైజర్‌లో గానీ తడిపి, ముక్కను అచ్చు వైపు కిందికి పెట్టి కదపకుండా పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. నెమ్మదిగా ఒక అంచు నుంచి ఒలిస్తే సిరా గోరు మీద ఉండిపోతుంది. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి పడతాయి. 'ర', 'ఠ' లాంటివి తిరగబడ్డా పెద్దగా తేడా తెలియదు. పైన టాప్ కోట్ వేసేటప్పుడు కుంచె నిండా రంగు తీసుకుని, కుంచె వెంట్రుకలు సిరాకి తగలకుండా తేలిగ్గా ఒకే గీతలో లాగండి. రుద్దితే అక్షరాలు అలికినట్టయిపోతాయి.

తీయడం, దాచడం

గోటితో గీకి ఒలవకండి. రంగుతో పాటు గోటి పైపొర కూడా వస్తుంది, తెల్లటి మచ్చలు పడతాయి. దూదిని రిమూవర్‌లో తడిపి గోరు మీద పది సెకన్లు నొక్కి ఉంచి, కొసవైపు ఒక్కసారి లాగితే వచ్చేస్తుంది. మెరుపుల రంగైతే తడిపిన దూది పెట్టి పైన అల్యూమినియం ఫాయిల్ ముక్క చుట్టి పది నిమిషాలు ఉంచండి. తర్వాత చేతులు కడుక్కుని కొబ్బరినూనె రాసుకోండి.

ఈ ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. రిమూవర్, రంగు రెండూ ఇట్టే అంటుకునేవి. దీపం దగ్గర, దోమల చుట్ట దగ్గర, గ్యాస్ పొయ్యి దగ్గర వాడకండి. మా ఇంట్లో దేవుడి గూడు హాల్లోనే ఉంటుంది కాబట్టి సాయంత్రం దీపం పెట్టాక సీసాల డబ్బా తెరవను.

రంగు చిక్కబడితే రిమూవర్ కలపకండి, పొర బలహీనపడి రేకులుగా రాలుతుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ అని విడిగా దొరుకుతుంది, రెండు మూడు చుక్కలు చాలు. సీసా మూతిని ప్రతిసారి తుడిచి గట్టిగా మూసి, ఎండ తగలని బీరువాలో నిలబెట్టి ఉంచితే చాలాకాలం చిక్కబడదు.

ఆపరేషన్‌కి వెళ్లే ముందు రంగు తీసేయాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ వేలి గుండా కాంతి పంపి ఆక్సిజన్ చూస్తుంది. ముదురు రంగులుంటే ఆ లెక్క తప్పొచ్చు. గోరు నీలంగా మారుతోందా అని డాక్టర్లు కంటితో కూడా చూస్తారు. నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు ఇది తెలియక నల్లటి ఊదా రంగుతోనే వెళ్లాను, మావారు రాత్రి తొమ్మిదింటికి రిమూవర్ కోసం నాలుగు కొట్లు తిరిగారు. అలాగే రంగు తీసిన ప్రతిసారీ గోళ్లను ఒకసారి వెలుగులో చూసుకోండి. కొత్తగా నల్లటి గీత కనిపించినా, గోరు మందమై అడుగు నుంచి లేస్తున్నా పైన రంగు వేసి దాచకుండా డాక్టర్‌కి చూపించండి.

ఆషాఢంలో చేసేది

గోరింటాకును ఇందులోకి తేకుండా ముగించలేను. మనకు గోళ్ల అలంకారం ముందు నుంచీ ఉన్నదే కదా, అరచేతిలో చందమామ, వేళ్లకి టోపీలు. రంగు ఉన్న గోరుకి గోరింటాకు పండదు, ఆ పొర అడ్డుపడుతుంది. అందుకే ఆషాఢంలో పెట్టుకునే ముందు రంగు పూర్తిగా తీసేయాలి. కానీ ఆ అడ్డుపడటాన్నే పనికి తెచ్చుకోవచ్చు. బట్ట మీద మైనం పూసి అద్దకం వేస్తే మైనం ఉన్నచోట రంగు ఎక్కనట్టు, శుభ్రమైన గోటి మీద గోరు మొదటికి దగ్గరగా నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టి ఆరనిచ్చి, దాని మీద రుబ్బిన గోరింటాకు టోపీ పెట్టుకుని పడుకోండి. పొద్దున కడుక్కుని, ఆ రోజంతా నీళ్లలో ఎక్కువ నానకుండా చూసుకుని, సాయంత్రం రిమూవర్‌తో చుక్కలు తుడిచేయండి. ఎర్రగా పండిన గోటి మీద చుక్కలు మాత్రం గోటి రంగులోనే మిగులుతాయి. పాలిష్ ఏ రంగుదైనా ఫర్వాలేదు, నేను కళ్లకి కనబడేలా తెలుపు వాడతాను.

చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాటికి గోరు మొదట్లో సన్నటి నెలవంకలా ఖాళీ జాగా వస్తుంది. నేను ఆ నెలవంకలో బంగారు రంగు ఒక్క గీత నింపుతాను. ఆషాఢంలో మొదట్లో పెట్టిన ఆ చుక్కలు గోటితో పాటే పైకి జరుగుతూ, దసరా వచ్చేసరికి కొస దగ్గరికి చేరతాయి. అప్పటికి మా అక్క కూతురు మళ్లీ వస్తుంది. ఈసారి తన గోళ్లకీ చుక్కలు పెట్టించుకుంటానని ఆషాఢం కోసం ఇప్పటి నుంచే రోజులు లెక్కపెడుతోంది.